ఆకు రాలే కాలంలో వేటసామాన్ల కొట్టు

తుపాకిని నేను ఇంతవరకూ చేత్తో ముట్టుకోలేదు. అయినా ఒక ఏడాది, ఆకు రాలే కాలమంతా తుపాకి చుట్టూ ఉండే వస్తువుల మధ్యే గడిపాను. భుజానికి తగిలించుకునే పట్టీలు, గొట్టం తుడిచే బ్రష్షులు, చెవులకు పెట్టుకునే డొప్పలు, తూటాలు పట్టే మ్యాగజీన్లు. వాటి ఫొటోలు లాప్‌టాప్‌లో చూసి చూసి, మధ్యాహ్నం కాస్త కన్ను మూతపడితే చాలు, అవన్నీ నీళ్లలో చేపల్లా మెల్లగా కదులుతూ కనిపించేవి.

నేను పనిచేసే కంపెనీ చిన్నది. కొట్లలో బిల్లు కొట్టే మిషన్లకు సాఫ్ట్‌వేర్ రాస్తాం. ఆఫీసు జెర్సీ సిటీలో, నా అపార్ట్‌మెంట్ కూడా అక్కడే, నడిచి వెళ్లేంత దూరంలో. ఆ ఏడాది పక్క రాష్ట్రంలో కొత్త నియమాలు వచ్చాయి. అంతకుముందు తుపాకి కొనేవాళ్లే కార్డు చూపించాల్సి వచ్చేది. ఇకమీదట తుపాకికి తగిలించే సామాన్లలో కొన్నింటికి కూడా కొనేవాడి కార్డు చూడాలి, వయసు చూడాలి. కార్డు మీది ముఖమూ ఎదురుగా ఉన్న ముఖమూ ఒకటేనా అని అమ్మేవాడు తన కళ్లతో పోల్చుకోవాలి. మరీ ఎక్కువ తూటాలు పట్టే మ్యాగజీన్లు అసలు అమ్మనే కూడదు. మిగతావాటిని తాళం వేసిన అద్దాల బీరువాలో పెట్టాలి.

మా సాఫ్ట్‌వేర్ వాడే కొట్లన్నింటికీ వెళ్లి, ఏ వస్తువు నియమం కిందికి వస్తుందో ఏది రాదో వేరుచేసి, అది మిషన్‌లోకి ఎక్కించి, అమ్మేవాళ్లకు నేర్పి రమ్మని మా మేనేజర్ మమ్మల్ని పంపించాడు. పనంతా అయ్యాక ఒక కాగితం. ‘ఈ కొట్టువాళ్లు నేర్చుకున్నారు, సిద్ధంగా ఉన్నారు’ అని ఉంటుంది. దాని కింద నా సంతకం.

నేను చెప్పబోయే కొట్టు కొండల మధ్య, ఒక నది ఒడ్డున ఉంది. మా ఇంటి నుంచి మూడు గంటల డ్రైవ్. మూడు రోజుల పని కదా అని పక్క ఊళ్లో మోటెల్ బుక్ చేసుకున్నాను.

మొదటి రోజు పొద్దున నది మీది మంచు లేచి రోడ్డు మీదికి వచ్చేసింది. నడక కంటే కాస్త వేగంగా, అంతే, పోనిస్తున్నాను కారుని. గాలి లేదు, అయినా ఆకులు రాలుతున్నాయి. ఎర్రవి, పసుపువి, ఒక్కొక్కటి చాలాసేపు గాలిలో ఉండి, దిగాలా వద్దా అని ఆలోచించుకుని దిగినట్టు దిగుతున్నాయి. రోడ్డు పక్కన రెండు జింకలు నిలబడి నన్ను చూశాయి. నేను దాటిపోయేదాకా కదలలేదు. కొట్టు వచ్చేసిందని ఫోన్ చెబుతోంది గాని నాకేమీ కనబడలేదు. ముందు ఒక పసుపు దీపం కనబడింది. తరవాత తలుపు. ఆ తరవాత తలుపులో నిలబడ్డ మనిషి.

ఆయనకు డెబ్భై దాటి ఉంటాయి. పొడుగు మనిషి, గళ్ల చొక్కా, శుభ్రంగా గీసిన గడ్డం.

“కారు చప్పుడు ఎప్పటినుంచో వింటున్నాను. భలే నిదానంగా నడుపుతావమ్మాయీ నువ్వు,” అన్నాడు.

ఇంగ్లీషులో నువ్వు, మీరు అనే తేడా లేదు. కానీ ఆయన మాట నా చెవికి మొదటినుంచీ ‘నువ్వు’ అనే వినిపించింది. అందులో తక్కువ చేయడం లేదు. పెద్దవాళ్లు అన్నట్టే ఉంది.

చెయ్యి చాచి కలిపాడు. కానీ నా ముఖం చూడలేదు. నా కుడిచెవి పక్కగా, నా వెనక ఇంకెవరో నిలబడి ఉంటే వాళ్లతో మాట్లాడుతున్నట్టు, అటు చూస్తూ మాట్లాడాడు. వెనక్కి తిరిగి చూశాను కూడా. ఎవరూ లేరు.

ఆ రోజంతా అంతే. ఏది అడిగినా ఓపిగ్గా చెప్పాడు. కాఫీ ఇచ్చాడు. మంచి కుర్చీ నాకిచ్చి తను పీట మీద కూర్చున్నాడు. కానీ నేను ముఖంలోకి చూసినప్పుడల్లా ఆయన చూపు పక్కకు జరిగిపోయేది. ఈ దేశం వచ్చి తొమ్మిదేళ్లయింది. నన్ను చూడకుండా నాతో మాట్లాడే మనుషులు నాకు కొత్త కాదు. అయినా ఆ కాఫీ, ఆ కుర్చీ, ఆ చూపు, మూడూ ఒక్క మనిషిలో కలవలేదు నాకు. కోపం కూడా సరిగ్గా రాలేదు.

సాయంత్రం మోటెల్ గదికి వచ్చాక ఆఫీసులో ఫోన్ సపోర్ట్ చూసే మా కరీంనగర్ సహోద్యోగికి కాల్ చేశాను. నాకంటే నాలుగేళ్లు చిన్న, నన్ను అక్కా అని పిలుస్తాడు.

“ఎట్లున్నదక్కా షాపు?” అన్నాడు.

“షాప్ బానే ఉంది. ఆయనే, నా మొహం చూసి మాట్లాడట్లేదు.”

“అంటే, రూడ్‌గ మాట్లాడుతుండా?”

“అబ్బే, చాలా మర్యాదగా ఉన్నాడు. చూపే ఎటో ఉంటోంది.”

“కొందరు గట్లనే ఉంటరక్కా. లైట్ తీస్కో. ఐటమ్స్ అన్నీ ఎంటర్ చేసి, సైన్ పెట్టిచ్చుకోని వచ్చెయ్. వాళ్లతోని మనకేం పని?”

నిజమే, ఏం పని అనుకున్నాను. కానీ పడుకునేదాకా ఆ చూపే గుర్తొచ్చింది.

రెండో రోజు సామాను వేరుచేయడం. కొట్టంతా పాత చెక్క వాసన, దాని మీద నూనె వాసన. సగం కొట్టు గాలాలు, చేపల బుట్టలు, వాన బూట్లు. మిగతా సగం మాకు పని ఉన్న సామాను. తుపాకులు మాత్రం ఒక్కటీ లేవు.

“రెండేళ్ల కిందట మానేశాను. ఆ ఫారాలు నింపలేక,” అన్నాడు.

నేను లాప్‌టాప్ ఆయన వైపు తిప్పి నియమాల జాబితా చూపించబోతే, “నువ్వు చదువు, నేను వింటాను. ఈ కొట్లో ఒకరు చదువుతుంటే వినడం నాకు ఇష్టం. మా నాన్న కూడా వార్తలు పైకి చదివేవాడు,” అన్నాడు.

అలా నేను చదువుతూ కూర్చున్నాను. చట్టం భాష చాలా పొడవు. ఒక వాక్యం మొదలైతే దాని కొస ఎక్కడుందో తెలియదు. నేను చదువుతుంటే ఆయన ఒక్కొక్క పెట్టె తెరిచి, ఒక్కొక్క వస్తువూ వేళ్ల మధ్య తిప్పి, ఇది ఈ కుప్ప, అది ఆ కుప్ప అని పెడుతున్నాడు. మ్యాగజీన్ చేతిలోకి తీసుకుని బొటనవేలితో అంచు మీద ఒక్కసారి రాసి, “పది తూటాలు,” అనేవాడు. ఇంకోటి తీసుకుని, “పదిహేను. ఇది ఇక పనికిరాదు, తిప్పి పంపించెయ్యాలి.” నేను పెట్టె మీది చీటీ చూసి సరిచూసుకునేదాన్ని. ఒక్కటి కూడా తప్పు పోలేదు.

కిటికీలోంచి ఎండ పడి, మధ్యాహ్నానికి కౌంటర్ మీద నుంచి నేల మీదికి జారింది. బయట ఆకులు రాలుతూనే ఉన్నాయి. నా గొంతు నాకే దూరంగా వినిపించింది. మధ్యలో ఒక చోట నిద్రలో నడుస్తున్నట్టు అయి, ఏ పేరా చదువుతున్నానో మరిచిపోయి ఆగాను. ఆయన చేతులూ ఆగాయి. “తాళం వేసిన బీరువా గురించి చదువుతున్నావు,” అని గుర్తుచేశాడు. ఇద్దరం నవ్వుకున్నాం. అప్పుడు కూడా ఆయన నా చెవి వైపే నవ్వాడు.

ఆ రోజు ఒక ముసలావిడ వెనక తలుపు దాకా వచ్చి, మెట్టు మీద ఒక గిన్నె పెట్టి, గుమ్మం దాటకుండానే వెళ్లిపోయింది. గిన్నెలో ఆపిల్ ముక్కలు వేసి వండిన వేడి అంబలి లాంటిది ఉంది. రెండు చెంచాలు. “మా ఆవిడ,” అన్నాడాయన. “వెనకే మా ఇల్లు. పెళ్లయిన రోజే చెప్పింది, ఈ కొట్లో అడుగు పెట్టనని. ఆవిడ చిన్నప్పుడు వాళ్ల తమ్ముడు తుపాకి పేలి చనిపోయాడు. ఇల్లు తుడుస్తూ ఎవరో గోడకు ఆనించారట, అది కిందపడింది. నలభై రెండేళ్లయింది పెళ్లయి. మాట తప్పలేదు.”

ఆపిల్ చాలా రుచిగా ఉంది. ఆ మాటే అన్నాను.

మూడో రోజు నేర్పించడం. నిజం అమ్మకం కాకుండా ముందు ఉత్తుత్తిగా చేయిస్తాం. నేను కొనేదాన్ని, ఆయన అమ్మేవాడు. మ్యాగజీన్ ఒకటి కౌంటర్ మీద పెట్టాను. ఆయన దానికి స్కానర్ చూపించాడు. మిషన్ గంట ఒకసారి మోగించి ఆగిపోయింది. కార్డు చూడాలని దాని అర్థం.

“కార్డు ఇవ్వమ్మాయీ,” అన్నాడు.

పర్సులోంచి డ్రైవింగ్ లైసెన్స్ తీసి ఇచ్చాను. ఆయన దాన్ని పట్టుకుని కాస్త ఎత్తి, తల పక్కకు వంచి చూశాడు. తరవాత నా చెవి పక్కగా చూశాడు. “నువ్వే,” అన్నాడు. ‘సరిపోయింది’ అని చెప్పడానికి నేను ముందే చూపించి ఉంచిన పెద్ద ఆకుపచ్చ మీట నొక్కాడు.

కార్డు నాకు తిరిగి ఇచ్చాడు. పర్సులో పెట్టబోతూ చూశాను. అది లైసెన్స్ కాదు. తొందరలో నా హెల్త్ ఇన్సూరెన్స్ కార్డు ఇచ్చాను. దాని మీద ఫొటో లేదు. ఎవరి ముఖమూ లేదు.

వేళాకోళం చేశాడేమో అనుకున్నాను. కానీ ఆయన నిలబడ్డ తీరులో వేళాకోళం లేదు. బడిలో జవాబు చెప్పి, ఒప్పా తప్పా అని ఎదురుచూస్తున్న పిల్లాడిలా ఉన్నాడు.

“ఇది నా లైసెన్స్ కాదండీ,” అన్నాను మెల్లగా. “దీని మీద ఫొటో లేదు.”

ఆయన రెండు చేతులూ కౌంటర్ మీద ఆనించాడు. పీట లాక్కుని కూర్చున్నాడు.

“నేను దేన్ని చూస్తే అది ఉండదు,” అన్నాడు. “అర్థమైందా? సరిగ్గా చూపు పెట్టిన చోట ఒక మచ్చ. దాని చుట్టూ అంతా ఉంటుంది. కిటికీ ఉంటుంది, తలుపు ఉంటుంది, నది ఉంటుంది. నీ ముఖం చూద్దామని చూస్తే ముఖం పోతుంది. అందుకని పక్కకు చూస్తాను. అప్పుడు కొంచెం, ఓరగా, దొరుకుతావు.”

మూడు రోజులుగా ఈయన నన్ను చూడడం లేదని నేను బాధపడ్డాను. ఆయన మాత్రం ఆ మూడు రోజులూ తనకు చేతనైన ఒకే ఒక్క పద్ధతిలో నన్ను చూస్తూనే ఉన్నాడు. నా ముఖం వేడెక్కింది. అది ఆయనకు కనబడదని గుర్తొచ్చి ఇంకా సిగ్గేసింది.

మొదట అక్షరాలు వంకరపోయాయట. డాక్టర్ కంట్లో సూదులు వేశాడట. చూపు ఇంకా పోకుండా ఆగింది గాని పోయింది మాత్రం తిరిగి రాలేదు. తుపాకులు అమ్మడం మానేసింది అందుకే. “మా ఆవిడకు కళ్లు కొంచెం మసకని తెలుసు. ఇంతని తెలియదు,” అన్నాడు.

ఆ తరవాత నేను భయపడుతున్న మాట రానే వచ్చింది. “ఆ కాగితం మీద సంతకం పెడతావు కదా? ఇక్కడికి వచ్చేవాళ్లందరినీ నేను గొంతుతో పోలుస్తాను. అడుగు చప్పుడుతో పోలుస్తాను. ఒక్కర్ని కూడా పొరబడలేదు.”

“నాకు తెలుసండీ. నిన్న మీ వేళ్లు చూశాను,” అన్నాను. “కానీ కొత్తవాళ్లెవరైనా వస్తే? ఇంకొకరి కార్డు పట్టుకుని వస్తే?”

ఆయన కౌంటర్ మీది మ్యాగజీన్ తీసి పెట్టెలో పెట్టేశాడు.

నేను సంతకం పెట్టలేదు. అలాగని పెట్టనని కూడా చెప్పలేదు. “గురువారం మళ్లీ వస్తాను,” అన్నాను. బయటికి వచ్చి కారులో కూర్చున్నాను. పెట్టేసి ఉంటే ఎవరికీ తెలియదు. కాగితం కింద సంతకం పెట్టేస్తే చాలు, ఈ కొట్టు పేరు లిస్టులోంచి పోతుంది. కానీ రేపు ఆ ఆకుపచ్చ మీట నొక్కి ఆయన ఎవరి చేతిలో ఏం పెడతాడో! వెనక ఇంటి ఆవిడ తమ్ముడు గుర్తొచ్చాడు. నేనెప్పుడూ చూడని ఆ పిల్లాడు.

దారిలో కరీంనగర్ అతనికి ఫోన్ చేసి అంతా చెప్పాను.

“వయసైతే కార్డ్ స్కాన్ చేస్తె మిషనే పైకి చదివి చెప్పేటట్టు పెట్టొచ్చక్కా. వాయిస్ ఆన్ చేస్త,” అన్నాడు. “మొహమే కష్టం. మొహం మనిషే చూడాలె.”

“అదే కదా.”

“పాపం, ఆయన్ని గట్లనే ఉంటరని అన్న నేను.”

“నేనూ అనుకున్నాను లే,” అన్నాను.

గురువారం వెళ్లేసరికి ఆయన భార్య కొట్టు ముందు నిలబడి ఉంది. కోటు వేసుకుని, రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుని, నా కోసమే నిలబడ్డట్టుంది. నేను కారు దిగగానే అడిగింది.

“నువ్వు వెళ్లిన రోజు నుంచి ఆయన తిండి సరిగ్గా తినడం లేదు. నీకేం చెప్పాడు?”

చెప్పడం నా వంతు కాదనిపించింది. “అది ఆయనే చెప్పాలండీ,” అన్నాను.

“కళ్ల సంగతేగా,” అందావిడ. “ఎంత పోయాయో నాకు తెలియదనుకుంటాడు. రెండేళ్లయింది నేను ఇంట్లో ఒక కుర్చీ కూడా పక్కకు జరపక. ఎక్కడి వస్తువు అక్కడే. ఉప్పు డబ్బా కూడా. ఎందుకనుకున్నావు?”

నది మీద మంచు ఇంకా పూర్తిగా విడలేదు. నేను ఏం కావాలో చెప్పాను: కార్డు చూడాలి, ముఖం చూడాలి, రెండూ ఒకటో కాదో చెప్పగల మనిషి ఒకరు కొట్లో ఉండాలి. ఆవిడ తల ఊపింది. ఆ పైన కొట్టు తలుపు వైపు చాలాసేపు చూసింది. చల్లటి నీళ్లలోకి దిగేవాళ్లు ఒడ్డున నిలబడి చూస్తారే, అలా. దిగింది.

లోపల ఆయన కౌంటర్ వెనక ఉన్నాడు. అడుగు చప్పుడు వినగానే తల ఎత్తాడు. చేతిలో పెట్టె అలాగే ఉండిపోయింది.

“నువ్వా?” అన్నాడు.

“నేనే.”

“ఈ కొట్లో అడుగు పెట్టనన్నావు.”

“తుపాకుల్ని చూడనన్నాను. నేను వచ్చింది మనుషుల ముఖాలు చూడ్డానికి,” అందావిడ. “జరుగు.”

ఆయన జరిగాడు. అంతే. నేను కిటికీ వైపు తిరిగి కొంతసేపు ఆకుల్ని చూశాను.

ఆ రోజంతా ఆవిడకు నేర్పించాను. మ్యాగజీన్‌ని రెండు వేళ్లతో, చచ్చిన ఎలుకను తోకతో పట్టుకున్నట్టు పట్టుకునేది. కానీ ఒకసారి చెబితే రెండోసారి అడగలేదు. వస్తువు ఏ రకమో ఆయన వేళ్లతో చూసి చెప్పేవాడు, కార్డు ఆవిడ చూసేది, వయసు మిషన్ పైకి చదివేది. ముగ్గురూ కలిసి ఒక మనిషి పని చేశారు, చాలా బాగా చేశారు.

మధ్యాహ్నం మొదటి నిజమైన కస్టమర్ వచ్చాడు. ముప్పై ఏళ్ల నుంచీ అక్కడికి వస్తున్నాడట, చర్చిలో వాళ్ల వెనక వరసలోనే కూర్చుంటాడట. కార్డు అడగ్గానే మొహం మాడ్చుకున్నాడు.

“నేనెవరో మీకు తెలియదా?” అన్నాడు.

“ప్రతి ఆదివారం చూస్తున్నాను. కార్డు ఎప్పుడూ చూడలేదుగా,” అందావిడ చెయ్యి చాచి.

కార్డు తీసుకుని చూసింది. అతన్ని చూసింది. మళ్లీ కార్డు, మళ్లీ అతను. అంతసేపు ఒకరి ముఖంలోకి ఎవరైనా అలా చూడగా నేనెప్పుడూ చూడలేదు. అతని ముఖం మెల్లగా మెత్తబడింది. “ఇందులో జుట్టుందే,” అందావిడ. అతను నవ్వేశాడు. అందరూ అలా నవ్వలేదు. అదే సాయంత్రం ఇంకొకాయన కార్డు తీయకుండా, వస్తువు కౌంటర్ మీదే వదిలేసి, తలుపు ధడాలున వేసుకుని పోయాడు. మళ్లీ రాలేదని తరవాత తెలిసింది.

నేను కాగితం మీద సంతకం పెట్టాను. నేర్చుకున్నవాళ్లు అన్నచోట ఇద్దరి పేర్లూ రాశాను.

వెళ్లబోతుంటే ఆయన పిలిచాడు. “కిటికీ దగ్గర నిలబడు అమ్మాయీ, వెలుతురులో.” నిలబడ్డాను. నా చెవి పక్కగా, చాలా శ్రద్ధగా చూశాడు. ఈసారి నేను కదలలేదు.

“ముక్కు దగ్గర ఏదో మెరుస్తోంది,” అన్నాడు.

“ముక్కుపుడకండీ.”

“ఆహా. నీళ్ల బొట్టేమో అనుకుంటున్నాను మొదటి రోజు నుంచీ.”

ఆ చలికాలంలో రాష్ట్రం నుంచి తనిఖీకి మనిషి వచ్చి అంతా చూసి, ఏమీ అనకుండా వెళ్లాడని ఆవిడ ఫోన్ చేసి చెప్పింది. కొన్నాళ్లకు ఆ సామాను అమ్మడం పూర్తిగా మానేశారు. ఎవరూ మానమనలేదు, వాళ్లకే చాలనిపించింది. గాలాలు, వాన బూట్లు, చేపల బుట్టలు మాత్రం ఉంచుకున్నారు. ఆవిడ మాత్రం కొట్లోకి రావడం మానలేదు.

వసంతంలో నేను వేరే కంపెనీకి మారాను. మారే ముందు ఒక శనివారం అటు వెళ్లాను, పనేమీ లేకుండానే. కొండలన్నీ లేత ఆకుపచ్చగా ఉన్నాయి. ఆయన నాకొక గాలం ఎంచి ఇచ్చాడు. ఆవిడ రొట్టె, చీజ్ కట్టి ఇచ్చింది. ముగ్గురం నది ఒడ్డున రాళ్ల మీద కూర్చున్నాం. గాలం ఎలా విసరాలో ఆయన నా మణికట్టు పట్టుకుని చూపించాడు. నీళ్లు నిండుగా, చప్పుడు లేకుండా పోతున్నాయి. సాయంత్రందాకా ఒక్క చేప కూడా పడలేదు. ఎవరికీ ఆ తొందర కూడా లేదు.